స్వస్థత ప్రార్థన కోసం ప్రేయర్ లైన్: ఫోన్ ఎత్తే వాళ్లకి 5 స్టార్లు, పొద్దుటి మెసేజ్‌లకి 2

సర్వీస్ పేరు రాయట్లేదు, ఇలాంటివి చాలా ఉన్నాయి, అన్నీ ఇంచుమించు ఒకేలా నడుస్తాయి. నంబర్‌కి ఫోన్ చేస్తే ఒక వాలంటీర్ ఎత్తి ఎవరి కోసం ప్రార్థన, ఏం జబ్బు అని అడిగి అప్పటికప్పుడే ప్రార్థన చేస్తారు, ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఒక వాక్యం, చిన్న ఆడియో వస్తుంటాయి. అమ్మకి కిడ్నీలు పాడై డయాలసిస్ నడుస్తోంది, దాని కోసం చేశాను.

ఫోన్ ఎత్తిన సిస్టర్ మాత్రం సూపర్ అండి. నేను భయపడింది ఏంటంటే ఎక్కడ "మందులు మానేసి దేవుణ్ణి నమ్మండి" అంటారో అని, కానీ ఆవిడ అడిగిన మొదటి మాటే "డయాలసిస్ ఒక్కసారి కూడా మానట్లేదు కదా సిస్టర్" అని. బైబిల్లో హిజ్కియా రాజు జబ్బుపడి ఏడ్చి ప్రార్థన చేస్తే దేవుడు ఇంకో 15 ఏళ్లు ఆయుష్షు ఇస్తానన్నాడు, అంత వాగ్దానం వచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు కదా, మందు వాడితే విశ్వాసం లేనట్టు కాదు అని చెప్పింది. అపొస్తలుడు పౌలు పక్కన తిరిగిన లూకా కూడా వైద్యుడే మరి. ఇంకోటి, యాకోబు పత్రిక 5:14లో రోగిని పిలవమన్నది తన సంఘ పెద్దల్ని, నూనె రాసి ప్రార్థన చేయడానికి, మీరు మీ పాస్టర్ గారిని ఇంటికి పిలవండి, ఫోన్‌లోంచి మేం నూనె రాయలేం కదా అని నవ్వింది. తమ దగ్గరే కట్టేసుకోకుండా సొంత చర్చికి పంపించారు, అది నాకు చాలా నచ్చింది.

ఇక మెసేజ్‌ల సంగతి. రోజూ స్వస్థత సాక్ష్యాలే, తప్పులేదు, కానీ యేసు బాగుచేసిన వాళ్లలో రక్తస్రావం ఉన్న స్త్రీ 12 ఏళ్లు, బేతెస్ద కోనేరు దగ్గర మనిషి 38 ఏళ్లు పడ్డ బాధని ఒక్క ముక్కలో దాటేసి నేరుగా "వెంటనే బాగయ్యారు" దగ్గరికి వెళ్లిపోతారు, మేమేమో ఇంకా ఆ ఏళ్లలోనే ఉన్నాం. పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధ తీసెయ్యమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది చూడండి, అది ఒక్కసారి కూడా రాలేదు. పౌలుతో కలిసి తిరిగిన త్రోఫిము అయితే అసలే లేడు. అతనిది ఎఫెసు, పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్తేనే రోగాలు పోయాయి అని అపొస్తలుల కార్యముల్లో ఉన్నది ఆ ఊళ్లోనే, అదే పౌలు అతన్ని జబ్బుతోనే మిలేతులో వదిలి వచ్చానని తిమోతికి రాశాడు. పౌలుకి విశ్వాసం తక్కువైందా అప్పుడు?

అసలు కోపం వచ్చింది ఎక్కడంటే, కొన్నాళ్లకి "స్వస్థత పొందారా?" అని ఒక ఫారం వచ్చింది, "అవును", "ఇంకా లేదు" అని రెండే బటన్లు. "ఇంకా లేదు" నొక్కితే వెంటనే "సందేహం లేకుండా విశ్వాసంతో అడగండి" అని ఆటో రిప్లై. అమ్మ పక్కనే ఉంది, చదివింది, నా విశ్వాసమే చాలట్లేదేమో అని రెండ్రోజులు అదే మాట. ఎంత దారుణం. మార్కు సువార్త 9లో జబ్బు కొడుకుని యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు, సగం నమ్మకంతోనే కదా, అయినా కొడుకు బాగయ్యాడు. పక్షవాయువు మనిషి విషయంలో యేసు చూసింది మోసుకొచ్చిన వాళ్ల విశ్వాసం కూడాను. యేసు తిరిగి బతికించిన లాజరు విశ్వాసం ఎవరు కొలిచారు, ఆయన చనిపోయి అప్పటికే నాలుగు రోజులు!

ఊరుకోలేక మళ్లీ ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. ఈసారి ఒక పెద్దాయన ఎత్తారు, సమర్థించుకోలేదు, "ఆ మెసేజ్ తప్పమ్మా, పైకి చెప్తాను" అన్నారు. అమ్మకి ఫోన్ ఇమ్మని 88వ కీర్తన చదివారు, మొత్తం ఏడుపే ఉండి చీకటితోనే అయిపోయే కీర్తన, అది కూడా ప్రార్థనేనమ్మా అన్నారు. తర్వాత స్వస్థత ఇవ్వమని సూటిగా అడిగారు, ఏ మాత్రం మొహమాటం లేకుండా, చివర్లో గెత్సేమనేలో యేసు అన్నట్టు నీ చిత్తమే జరగాలి అని ఆపారు. అమ్మ ఆమెన్ పక్క గదిలోకి వినపడింది.

చిన్న విషయాలు: ఫోన్‌లో ఎవరూ కానుక అడగలేదు కానీ ప్రతి ఆడియో కింద కానుక లింక్ ఉంటుంది. కుష్ఠు బాగైన నయమాను కానుక ఇస్తానన్నా ఎలీషా ప్రవక్త తీసుకోలేదు, వెనక పరిగెత్తి తీసుకున్నది ఆయన పనివాడు గేహజీ, చివరికి ఆ కుష్ఠు అతనికే అంటుకుంది, ఇది వీళ్లకి నేను చెప్పాలా. మీ పేరు, జబ్బు ప్రేయర్ గ్రూప్‌లో పెడతారు, వద్దనుకుంటే ముందే చెప్పండి, మానేస్తారు.

రాత్రిపూట భయమేసి పక్కన ప్రార్థన చేసేవాళ్లు లేనప్పుడు నిస్సంకోచంగా ఫోన్ చేయొచ్చు. మెసేజ్‌లు మాత్రం మ్యూట్‌లో పెట్టుకోండి. మొత్తం మీద 3.5. ఆ "ఇంకా లేదు" నొక్కిన వాళ్లకి ఆటో రిప్లై తీసేసి ఆ పెద్దాయనలాంటి మనిషి చేత ఫోన్ చేయిస్తే మిగతాది కూడా ఇచ్చేస్తాను.