పాత చైనా వాచీలు కొనేవాళ్లకు హెచ్చరిక: వెనక మూత తీసిన ఫొటో చూడకుండా డబ్బు కట్టకండి

'షాంఘై ఏ581, 1958 మోడల్, అన్నీ ఒరిజినల్' అన్న ప్రకటనతో అమ్మిన వాచీ ఇది. డయల్ తళతళలాడుతోంది. వెనక మూత విప్పితే మాత్రం లోపల టోంగ్‌జీ మూవ్‌మెంట్ (వాచీని నడిపే యంత్రం) కూర్చుని ఉంది. ఏ581 వచ్చింది 1958లో, టోంగ్‌జీ వచ్చింది 1970ల్లో. అంటే ఆ డయల్ కింద ఆ మూవ్‌మెంట్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే అవకాశమే లేదు. అడిగితే 'సర్వీసింగ్‌లో ఎవరో మార్చి ఉంటారు' అన్న జవాబు వచ్చింది. ప్రకటనలో ఆ మాట లేదు, మూవ్‌మెంట్ ఫొటో కూడా లేదు.

కొత్తగా చైనా వాచీలు పోగుచేయడం మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటున్నారు. టోంగ్‌జీ అంటే ఉమ్మడి మూవ్‌మెంట్. రాష్ట్రానికో ఫ్యాక్టరీ పెట్టి, అందరిచేతా ఒకే డిజైన్ చేయించారు. మామూలుగా 17 జువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు), గంటకు 21,600 బీట్లు, అంటే టిక్కులు. విడిభాగాలు ఒకదానివి మరొకదానికి సరిపోవాలన్నదే దాని ఉద్దేశం. రిపేరుకు అదొక వరం. మోసగాడికీ అంతే, ఎందుకంటే నాన్‌జింగ్ మూవ్‌మెంట్ మీద ఇంకో ఊరి డయల్ పెట్టడం పెద్ద పని కాదు. పైగా ఏ581కి గిరాకీ ఎక్కువ. ప్రధాని జౌ ఎన్‌లై పెట్టుకున్న వాచీ అది. అందుకే దాని పేరుతో డయల్ అచ్చేయించి, చవకగా దొరికే మూవ్‌మెంట్‌కు బిగించి అమ్ముతున్నారు.

కాబట్టి మొదట అడగాల్సింది మూవ్‌మెంట్ ఫొటో, అదీ ఎదురుగా వెలుతురు పడేట్టు తీసినది. అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ వీల్ చుట్టుపక్కల చెక్కిన కోడ్ చదవండి. అది జెడ్ అక్షరంతో మొదలైతే టోంగ్‌జీ కుటుంబమే. మూత తీయడం కుదరదంటే, వాచీని మైకుకు ఆనించి పది సెకన్ల ఆడియో పంపమనండి. ఏదైనా సౌండ్ ఎడిటింగ్ యాప్‌లో తెరిచి ఒక సెకనులో ఎన్ని శిఖరాలు వచ్చాయో లెక్కపెట్టండి. ఏ581 అయితే గంటకు 18,000, అంటే సెకనుకు ఐదు. ఆరు వచ్చాయంటే అది ఏ581 కాదు. పది సెకన్ల ఆడియో కూడా పంపనంటే ఆ బేరం వదిలేయండి.

డయల్‌ను పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దంతో చూడాలి. 'షాంఘై' అన్న రెండు చైనా అక్షరాలు అసలు డయల్‌లో అంచులు కోసినట్టు ఉంటాయి, గీత ఎక్కడ లావో ఎక్కడ సన్నమో స్పష్టంగా తెలుస్తుంది. మళ్లీ అచ్చేసినదానిలో గీతలు ఒకే లావుగా సాగి, మలుపుల దగ్గర సిరా ఒలికినట్టు ముద్దకడతాయి. నిమిషాల గీతలు గంట గుర్తుల కిందకి దూరిపోయి ఉంటే ఆ డయల్‌ను ఎవరో మళ్లీ అచ్చేశారన్నమాట. ముళ్లు మచ్చలుపడి, డయల్ మాత్రం కొత్తగా ఉన్నా అనుమానించండి. మావో చెయ్యి ఊపే బొమ్మ ఉన్న వాచీల జోలికి మాత్రం వెళ్లకండి. సాంస్కృతిక విప్లవం నాటివని చెబుతారు గానీ, దాదాపు అన్నీ పర్యాటకుల కోసం తర్వాత చేసినవే.

మూత మీది రాతల్లో రెండు జతలు గుర్తుపెట్టుకోండి. 'ఛ్వాన్‌గాంగ్' అంటే కేసు మొత్తం స్టీలు. 'బాన్‌గాంగ్' అంటే మూత మాత్రమే స్టీలు, పైకేసు పూత వేసిన లోహం. దాన్ని పాలిష్ పట్టిస్తే బెల్టు తగిలించే కొమ్ముల దగ్గర పూత లేచి కింది లోహం బయటపడుతుంది. రెండో జత ఇంకా ముఖ్యం: 'ఫాంగ్‌జెన్' అంటే దెబ్బ తట్టుకుంటుందని, నీళ్లు తట్టుకుంటుందని కాదు. నీళ్లకు 'ఫాంగ్‌షుయి' అని ఉండాలి. అలా ఉన్నా సరే, ఇన్నేళ్లలో లోపలి రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. చెయ్యి కడుక్కునే ముందు తీసేయండి.

ఇక '1963' క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ. 1961లో వీనస్ 175 అనే స్విస్ మూవ్‌మెంట్‌ను తయారుచేసే యంత్రసామగ్రిని త్యాన్‌జిన్ ఫ్యాక్టరీ కొనడంతో ఆ కథ మొదలైంది, వైమానిక దళం కోసం చేశారు. ఇప్పుడు అమ్ముతున్నవి దాని నమూనాలో మళ్లీ చేసినవి, లోపల ఎస్‌టీ1901 అనే మూవ్‌మెంట్ ఉంటుంది. అది మంచిదే, కొత్తదని తెలిసి కొంటే ఇబ్బందేం లేదు. గాజు మూత, నీలం స్క్రూలు ఉన్నదాన్ని '1960ల సైనిక వాచీ' అంటే మాత్రం అబద్ధమే.

ఈ కొత్త క్రోనోగ్రాఫ్‌లలోనూ దారిలో దెబ్బతిని వచ్చేవి చాలా ఉన్నాయి. చేతికి రాగానే పూర్తిగా కీ ఇవ్వండి, ఆగిన చోట బలవంతం చేయొద్దు. పై బటన్‌తో నడిపి, ఆపి, కింది బటన్‌తో సున్నాకి తెండి. ఇలా పదిసార్లు చేయండి. సెకన్ల ముల్లు ప్రతిసారీ సరిగ్గా 12 మీదే ఆగాలి. ఒకసారి అటు, ఒకసారి ఇటు ఆగితే ముల్లు దాని ఇరుసు మీద వదులైంది. ప్రతిసారీ ఒకే పక్కకు తప్పితే బిగించేటప్పుడే తేడాగా పెట్టారు. రెండోదాన్ని సరిచేయడం తేలిక, మొదటిది మళ్లీ మళ్లీ వస్తుంది. బయల్దేరేటప్పుడు ముల్లు కొంచెం ఉలిక్కిపడటం ముల్లును యంత్రానికి కలిపే ఈ రకం క్లచ్‌కు మామూలే. నడుస్తుండగా మాత్రం కింది బటన్‌ను ఒత్తకండి, అది ఆపాకే పనిచేసే ఏర్పాటు. తర్వాత క్రోనోగ్రాఫ్‌ను అరగంట పాటు వదిలేసి, నిమిషాల ముల్లు ముప్ఫై దాకా తప్పకుండా జరుగుతోందో లేదో చూడండి.

పెట్టె తెరిచేటప్పుడు సీలు కనిపించేలా ఒకే షాట్‌లో వీడియో తీయండి, మధ్యలో కట్ ఉంటే ఫిర్యాదు నిలవదు. రెండు రోజులు నడిపి చూసేదాకా కొన్న సైట్‌లో 'అందింది' బటన్ నొక్కకండి. విడిగా డబ్బు పంపితే తగ్గిస్తానంటే ఒప్పుకోకండి, ఫిర్యాదు చేసే దారి మూసుకుపోతుంది. మొదటి కొనుగోలుకు నాన్‌జింగ్ జోంగ్‌షాన్, బీజింగ్ ష్వాంగ్‌లింగ్ లాంటి టోంగ్‌జీ వాచీ, గీతలుపడ్డ అద్దంతో, పాలిష్ పట్టని కేసుతో ఉన్నది వెతకండి. అలాంటివాటిని మార్చి అమ్మితే లాభం తక్కువ కాబట్టి ఎవరూ ముట్టుకోరు.