డాలస్ మేలా, వెర్మాంట్ పల్లె మేలా?

మేం టెక్సాస్‌లోని డాలస్ శివారు వదిలి, అమెరికా ఈశాన్యాన ఉన్న వెర్మాంట్ రాష్ట్రంలో ఒక మట్టిరోడ్డు పక్కన ఇల్లు తీసుకున్నామని తెలిసిన కొత్తలో అందరూ అడిగింది ఒకటే: "అంత చలిలో ఎలా ఉంటారండీ?" ఇప్పుడు ప్రశ్న మారింది. "మేమూ వచ్చేద్దామా?" అంటున్నారు. ఇలా అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇంటి నుంచే పని చేసేవాళ్లు. చాలామంది అక్టోబర్‌లో ఆకుల రంగులు చూసి మనసు పారేసుకున్నవాళ్లే. అందరికీ విడివిడిగా ఫోన్లో చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నాను.

ముందు ఉద్యోగం సంగతి. హెచ్1బి వీసా మీద ఉన్నవాళ్లు ఈ పోలికంతా పక్కన పెట్టొచ్చు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి చేతిలో ఉండేది 60 రోజులు. డాలస్ చుట్టుపక్కల ప్లానో, ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో అయితే ఇల్లు కదలకుండా ఇంకో కంపెనీకి మారే అవకాశం ఉంటుంది. 2020 జనాభా లెక్కల్లో వెర్మాంట్ మొత్తం జనం 6 లక్షల 43 వేలు. అందులోనూ మూడింట రెండొంతుల మంది దాకా పల్లెల్లోనే ఉంటారు. ఇక్కడి పెద్ద ఊరు బర్లింగ్టన్‌లో యూనివర్సిటీ, దాని ఆసుపత్రి, పక్కనే ఎసెక్స్ జంక్షన్‌లో చిప్‌ల ఫ్యాక్టరీ ఉన్నాయి. వాటిని దాటితే పెద్ద జీతాలిచ్చే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గ్రీన్‌కార్డు చేతికొచ్చి, లాప్‌టాప్ ఎక్కడ పెట్టుకున్నా పని జరిగేవాళ్లకే మిగతా మాటలు.

డబ్బు లెక్క ఎటూ తేలదు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఇక్కడ ఉంది. ఆస్తి పన్ను రెండుచోట్లా వాయిస్తుంది. అక్కడ వేసవిలో ఏసీ బిల్లు, వడగళ్ల దెబ్బకి పెరిగే ఇంటి ఇన్సూరెన్స్. ఇక్కడ చలికాలంలో హీటింగ్ ఆయిలు, కట్టెలు. దీన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోకండి.

నా మటుకు తేల్చేది ఒక్కటే: ఏడాదిలో ఎన్ని నెలలు ఇంటి బయట బతుకుతాం?

డాలస్‌లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మా దినచర్య చెప్తాను. ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులోకి, అక్కడి నుంచి ఏసీ మాల్‌లోకి. 2011లో అక్కడ వరసగా 40 రోజులు 100 ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్ దాటింది. ప్రతి ఏడూ అంత కాకపోయినా, ఊయల బల్ల తాకితే చెయ్యి కాలే పార్కులో పిల్లల్ని ఎంతసేపు ఆడిస్తాం? మన ఎండలు చూసినవాళ్లమే అని దబాయించుకోవచ్చు. కానీ మన ఊళ్లో ఎండాకాలానికి ఓ పద్ధతి ఉంది. మామిడికాయలు, ఆవకాయ, ఆరుబయట మంచాలు, సాయంత్రం అరుగు మీద కబుర్లు. అక్కడ ఎండ మాత్రమే ఉంది, దానితో పాటు రావలసినవేవీ లేవు. మార్చి, ఏప్రిల్‌లో రోడ్ల పక్కన బ్లూబానెట్ పూలు నిజంగా బాగుంటాయి. పిల్లల్ని అందులో కూర్చోబెట్టి ఫొటోలు తీసుకునేలోపే ఎండలు ముదురుతాయి.

వెర్మాంట్‌లో చలి ఎక్కువే. బర్లింగ్టన్‌లో జనవరి రాత్రులు సగటున మైనస్ 11 సెల్సియస్ దగ్గర ఉంటాయి. మైనస్ 20కి పడిపోయే రోజులూ ఉంటాయి. అయినా జనం ఇంట్లో కూర్చోరు. బడిలో పిల్లల్ని ఇంటర్వెల్‌కి మంచులోకే పంపుతారు. స్నో ప్యాంటు, బూట్లు, అదనపు గ్లౌజులు బ్యాగులో లేకపోతే టీచర్ మనకి చీటీ పంపుతుంది. గడ్డకట్టిన చెరువు మీద స్కేటింగ్ చేసేవాళ్లు, పొలాలకడ్డంగా స్కీలు కట్టుకుని నడిచేవాళ్లు, మంచుకి బెజ్జం పెట్టి చేపలు పట్టే తాతలు కనిపిస్తూనే ఉంటారు. చలికి తగ్గట్టు బట్ట కట్టుకుంటే తిరగొచ్చు. 105 ఫారన్‌హీట్ ఎండకి కట్టుకునే బట్ట నాకైతే దొరకలేదు.

ఇక్కడ ప్రతి కాలానికీ ఒక పని ఉంటుంది, మనకి ఇష్టమున్నా లేకపోయినా. కట్టెల పొయ్యి ఉన్నవాళ్లు వచ్చే చలికాలానికి వేసవి మొదట్లోనే కట్టెలు తెప్పించి పేర్చుకోవాలి. పచ్చివి కాలిస్తే పొగ తప్ప వేడి రాదు. నవంబర్ వచ్చేలోపు చలి టైర్లు ఎక్కించాలి. ఫిబ్రవరి చివర మేపుల్ చెట్లకి గొట్టాలు తగిలిస్తారు. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చదనం ఉంటేనే చెట్టు నీరు కారుతుంది. దాదాపు 40 లీటర్ల నీరు మరిగిస్తే ఒక లీటరు పాకం. పాకం కాచే షెడ్డు పైకప్పు సందుల్లోంచి ఆవిరి లేచిందంటే చుట్టుపక్కలవాళ్లు అటు నడుస్తారు. వేడి పాకాన్ని మంచు మీద పోసి, అది సాగుతుండగా ఫోర్కుకి చుట్టుకుని తింటారు. పక్కన డోనట్, పుల్లటి దోసకాయ పికిల్. తీపి మొహం మొత్తగానే పికిల్ కొరకడం, మళ్లీ పాకం మీద పడటం. మా పక్కింటి పెద్దాయన కాచేటప్పుడు నేను కట్టెలు అందిస్తాను. మా వాకిట్లో మంచు తోసేది ఆయన ట్రాక్టరే. డాలస్‌లో ఎదురింటివాళ్ల గ్యారేజీ తలుపు చప్పుడు తప్ప వాళ్ల గొంతు నేను వినలేదు.

మార్చి మొదటి మంగళవారం చాలా ఊళ్లలో టౌన్ మీటింగ్ జరుగుతుంది. రోడ్డు చదును చేసే గ్రేడర్ కొత్తది కొనాలా, పాతదానితో ఇంకో ఏడాది లాగాలా అని ఊరంతా కూర్చుని గంటసేపు వాదించుకుంటారు. పౌరసత్వం లేకపోతే చాలా ఊళ్లలో ఓటు ఉండదు గానీ, కూర్చుని వినడానికి ఎవరూ అడ్డు చెప్పరు. నాకు ఇదొక మంచి కాలక్షేపం.

ఇంత మెచ్చుకున్నాక అసలు కష్టం దాచిపెడితే బాగోదు. అది జనవరి కాదు. ఏప్రిల్. పైన మంచు కరుగుతుంది, కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది. నీరు ఇంకే దారి లేక మట్టిరోడ్డు దమ్ము చేసిన వరి మడిలా తయారవుతుంది. కారు చక్రం ఒకసారి గాడిలో పడితే స్టీరింగ్ మన మాట వినదు, గాడి ఎటు తీసుకెళ్తే అటే. మధ్యలో ఆపితే అంతే సంగతులు. ఆ వారాల్లో రోడ్డు పాడవకుండా ఊరివాళ్లు బరువు బళ్లని రానివ్వరు, కాబట్టి ఆయిల్ ట్యాంకు ముందే నింపించుకోవాలి. స్కూల్ బస్సు కూడా తారురోడ్డు దగ్గరే ఆగిపోవచ్చు. తర్వాత మే నెలలో నల్లటి చిన్న ఈగలు, వేసవంతా గడ్డిలో పేలలాంటి టిక్‌లు. అవి కుడితే వచ్చే లైమ్ జబ్బు ఇక్కడ బాగా ఎక్కువ, సాయంత్రం పిల్లల కాళ్లు, మెడ వెనక చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. నవంబర్ ఇంకో రకం. ఆకులు రాలిపోయి, మంచు ఇంకా పడక, అంతా బూడిద రంగు. డిసెంబర్‌లో నాలుగుంబావుకే పొద్దు గూకుతుంది. దిగులు పడే స్వభావం ఉన్నవాళ్లు ఈ రెండు నెలల గురించి గట్టిగా ఆలోచించుకోవాలి.

డాలస్‌కి నేను మార్కులు మనస్ఫూర్తిగా వేసేది మనవాళ్ల విషయంలో. ఫ్రిస్కోలో హనుమంతుడి గుడి, తెలుగు బళ్లు, అర్ధరాత్రి బిర్యానీ, నాన్నగారికి పొద్దున్నే వాకింగ్‌కి, తర్వాత పేకాటకి ఒక జట్టు. ఇక్కడి నుంచి పెద్ద గుడికి వెళ్లాలంటే బాస్టన్ దగ్గర ఆష్‌ల్యాండ్‌లోని లక్ష్మీదేవి గుడి, కారులో మూడు గంటల పైమాటే. మాంట్రియల్ దగ్గరే గానీ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి కెనడా వీసా కావాలి. సరుకులకి మమ్మల్ని ఆదుకునేది బర్లింగ్టన్‌లో స్థిరపడ్డ భూటాన్ నేపాలీల దుకాణాలు. పప్పులు, మసాలాలు దొరుకుతాయి, గోంగూర దొరకదు. మార్చిలో కిటికీ దగ్గర కుండీలో విత్తి, మే ఆఖర్న బయట నాటితే వేసవిలో నాలుగైదు సార్లు పచ్చడికి వస్తుంది. సెప్టెంబర్ చివర ఒక్క రాత్రి మంచు పట్టిందా, మర్నాటికి మొక్కలన్నీ నల్లబడతాయి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు మరీ ఇబ్బంది కదా అంటారు. మామూలుగా ఆరు నెలలే ఉండనిస్తారు కాబట్టి మే నుంచి అక్టోబర్ దాకా పిలిపించుకుంటే ఇక్కడి మంచి రోజులన్నీ వాళ్లవే. జూన్‌లో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురు ఉంటుంది, మా అమ్మ అప్పటిదాకా పాదులు వదలదు. కానీ మాట్లాడే మనిషి కావాలనుకునే పెద్దవాళ్లకి ఈ ఊరు చాలదు. వాళ్లకి డాలసే నయం.

ప్రకృతి వైపరీత్యాల్లో ఎవరూ తక్కువ తినలేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయి ఇళ్లలో పైపులు పగిలాయి. 2023 జులైలో వెర్మాంట్ రాజధాని మాంట్‌పీలియర్ నడిబొడ్డు వరదలో మునిగింది. మరుసటి ఏడు సరిగ్గా అదే రోజుల్లో రాష్ట్రంలో మళ్లీ వరదలు.

మధ్యే మార్గం అడిగేవాళ్లకి నార్త్ కరొలైనాలోని క్యారీ: నాలుగు కాలాలూ మెత్తగా ఉంటాయి, వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, పల్లె మాత్రం కాదు. న్యూహాంప్‌షైర్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, మిగతాదంతా వెర్మాంటే అనుకోండి. ఫ్లోరిడా అడక్కండి, అక్కడ కాలాలు లేవు.

మేమైతే వెనక్కి వెళ్లం. మీరు రావాలనుకుంటే మాత్రం అక్టోబర్‌లో ఇల్లు చూసి సంతకం పెట్టకండి. ఏప్రిల్ మొదట్లో వచ్చి, ఆ ఇంటి రోడ్డు మీద సొంతంగా కారు నడిపి చూడండి. వాకిట్లో మంచు ఎవరు తోస్తారో, ఇల్లు ఏటికి ఎంత దూరమో, ఇంటర్నెట్ కేబుల్ రోడ్డు చివరి దాకా వచ్చిందో లేదో పక్కింటివాళ్లనే అడగండి. ఏజెంట్ కన్నా వాళ్లే నిజం చెప్తారు.