తిరుపతి చుట్టూ నీళ్లు: ఎక్కడ దూకాలి, ఎక్కడ మెల్లగా దిగాలి

దర్శనానికి వచ్చిన చుట్టాల పిల్లలు మర్నాడు తప్పకుండా అడిగే మాట: "మామా, దూకడానికి నీళ్లెక్కడున్నాయి?" తిరుపతి చుట్టుపక్కల కోనలకు కొదవ లేదు. ఏ చోటికి వెళ్లినా నేను ముందు చూసేది లోతు ఎంత ఉంది, పైకి ఎక్కే దారి ఉందా, ఈత వచ్చిన మనిషి గట్టు మీద ఉన్నాడా అని. అందం ఆ తర్వాత.

అందంలో తలకోనదే మొదటి స్థానం. దాదాపు 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు పడతాయి. అక్టోబరు, నవంబరు వానలు పడ్డాక ధార నిండుగా ఉంటుంది. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా వెళ్లాలి. బస్సులో వెళ్తే తిరుగు బస్సు ఎన్నింటికో కండక్టర్ని అడిగి పెట్టుకోండి. రాత్రి ఉండేందుకు అక్కడే గదులున్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. హోటల్ సౌకర్యాలు ఆశించొద్దు, భోజనం కూడా ముందే చెప్పుకోవాలి. అయినా తెల్లవారుజామున జనం లేనప్పుడు సిద్ధేశ్వరస్వామి గుడి నుంచి జలపాతం దాకా నడవాలంటే అక్కడ పడుకోవడమే మంచిది.

తలకోనలో దూకడానికి మాత్రం నేను ఎవరినీ ఒప్పుకోను. బండలన్నీ పాచి. నీటి అడుగునా బండలే. 3 మీటర్ల ఎత్తు నుంచి దూకిన మనిషి నీటిని తాకేసరికి గంటకు సుమారు 27 కిలోమీటర్ల వేగంలో ఉంటాడు. తల ముందు వెళ్లి రాయికి తగిలితే ఆ దెబ్బంతా మెడ ఎముకలే మోయాలి. మెడలో వెన్నుపాము దెబ్బతింటే కాళ్లూ చేతులూ పడిపోతాయి. పోయినేడు ఇక్కడే దూకాం అనే ధైర్యం కూడా పనికిరాదు, ఒక్క వరద చాలు, రాళ్లూ ఇసుకా జరిగి లోతు మారిపోతుంది. బండ మీద కూర్చుని, కాళ్లు ముందు పెట్టి, అడుగు తడుముకుంటూ దిగడమే ఇక్కడ సరైన పద్ధతి. ఉబ్బలమడుగు, నాగలాపురం వైపు మడుగులకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ అటవీశాఖ అనుమతి ఉందో లేదో కనుక్కోకుండా బయల్దేరొద్దు.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే పుత్తూరు దగ్గరి కైలాసకోన హాయి. ధార కింద నిలబడి తడవడమే, ఈత పనే లేదు. ఊళ్లోనే కావాలంటే కపిలతీర్థం ఉంది. అది పుణ్యతీర్థం, మెట్లు దిగి మునక వేయాల్సిన చోటు.

దూకడం నేర్చుకోవాలనే వాళ్లకు స్విమ్మింగ్ పూల్ తప్ప దారి లేదు. తిరుపతి హోటళ్లలో పూల్ చూసి గది తీసుకునేవాళ్లు లోతు అడిగి తీసుకోండి. నేను దిగిన ఒక హోటల్లో నీళ్లు ఛాతీ దాకా కూడా లేవు, లోతు ఎంతో గోడ మీద ఎక్కడా రాయలేదు, లైఫ్‌గార్డ్ అసలే లేడు. తలకిందులుగా దూకాలంటే కనీసం 9 అడుగుల లోతుండాలని అమెరికన్ రెడ్‌క్రాస్ చెబుతుంది. పోటీల్లో 10 మీటర్ల ప్లాట్‌ఫాం కింద దాదాపు 5 మీటర్ల లోతు ఉంచుతారు.

స్కూబా, అంటే గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపల ఈదే సరదా ఉంటే పుదుచ్చేరి వెళ్లండి. చిన్న పడవలో లేచి నిలబడితే పడవ ఒరుగుతుంది. అందుకే అంచున నీళ్లకు వీపు పెట్టి కూర్చుని, మాస్కునూ సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్నూ చేత్తో అదిమిపట్టి వెనక్కి పడతారు. పెద్ద పడవ నుంచైతే ముందుకు చూస్తూ ఒక పెద్ద అంగ వేస్తారు. ఆ మొదటి క్షణం టెన్షన్‌గా ఉంటుంది గానీ, పక్కనే శిక్షకుడు ఉంటాడు. ముక్కు మూసి మెల్లగా గాలి ఊది నీటి ఒత్తిడికి చెవులు సర్దుకోవడం ఒడ్డునే నేర్పించని చోట డబ్బు కట్టొద్దు.

మన యాత్రికులు ముఖ్యంగా గమనించాల్సింది ఇంకొకటుంది. స్కూబా చేసినప్పుడు ఒంట్లోకి అదనంగా నైట్రోజన్ చేరుతుంది. అది పూర్తిగా పోకముందే ఎత్తైన చోటికి వెళ్తే బుడగలు కట్టి కీళ్లనొప్పులు మొదలుకొని పక్షవాతం దాకా తేవచ్చు. 2,000 అడుగులు దాటే ఎత్తుకు వెళ్లాలంటే ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగమంటారు. తిరుమల దాదాపు 2,800 అడుగుల ఎత్తున ఉంది. కాబట్టి దర్శనం ముందు, సముద్రం తర్వాత పెట్టుకోండి. దర్శనం టికెట్ డైవింగ్ మర్నాడు పొద్దునకే దొరికితే డైవింగ్‌నే మానుకోండి.