మూడేళ్లలో మూడు హెల్మెట్లు: మా పాప తలకు కుదిరినది

మా పాపకి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఆరో ఏట సైకిల్‌కి సైడ్ చక్రాలు తీసేసిన వారం నుంచి ఇవాళ్టి దాకా మూడు హెల్మెట్లు కొన్నాం. మొదటిది తప్పు సైజు. రెండోది, మూడోది ఒకే మోడల్, ఒకే సైజు. నేను మెచ్చుకుంటున్నది ఆ మోడల్‌నే. కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు, ఎందుకంటే మా పాప తలకు కుదిరింది మీ పిల్లలకు కుదరకపోవచ్చు. ఎలా ఎంచుకున్నామో చెబితేనే ఎక్కువ పనికొస్తుంది.

మొదటిదాన్ని స్కూల్ యూనిఫామ్ కొన్నట్టే కొన్నాం. గౌనుకి కింద మడత ఎక్కువ పెట్టించి కుట్టించడం, బూట్లు ఒక నంబరు పెద్దవి తీసుకోవడం మనకి అలవాటే కదా. షాపతను కూడా "ఎదిగే పిల్ల మేడం, పెద్దది తీసుకోండి. లూజుగా ఉంటే లోపల స్పాంజి ముక్క పెట్టండి" అన్నాడు. మా అత్తయ్యగారూ అదే మాట అన్నారు. డబ్బా మీద 54–58 సెంటీమీటర్లు అని ఉంది. పాప తల ఎంతుందో మేం కొలవనే లేదు.

మూడో వారం వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా వీధి మలుపు దగ్గర, ఇల్లు కడుతున్నవాళ్లు పోసిన ఇసుక మీద చక్రం జారి పాప ముందుకి పడింది. నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి హెల్మెట్ వెనక్కి జారి మెడ మీద ఉంది. నుదురంతా గీరుకుపోయి, కనుబొమ్మ పైన ఉసిరికాయంత బొప్పి కట్టింది. కుట్లు పడలేదు, దేవుడి దయ. రాత్రి పాప పడుకున్నాక హెల్మెట్ తీసి లైటు కింద అటూ ఇటూ తిప్పి చూశాను. దాని మీద ఒక్క గీత కూడా లేదు. దెబ్బంతా నుదుటికే తగిలింది. ఆ కొత్త నిగనిగ చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు జాకెట్టు కొలతల టేపు తీశాను. కనుబొమ్మలకి రెండు వేళ్లు పైన మొదలుపెట్టి, చెవుల మీదుగా, వెనక తల ఉబ్బెత్తుగా ఉన్న చోటు నుంచి చుట్టూ తిప్పి కొలవాలి. టేపు ఎక్కడా వాలకూడదు. పిల్లలు కదులుతారు కాబట్టి మూడుసార్లు కొలిచి, అన్నిటికంటే పెద్ద అంకె తీసుకున్నాను. 51 వచ్చింది. మేం కొన్న హెల్మెట్ మొదలయ్యేదే 54 నుంచి! టేపు లేకపోతే దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి చూసినా చాలు.

ఈసారి పాపని వెంటబెట్టుకుని వేరే షాపుకి వెళ్లాం. స్మాల్, మీడియం అనే మాటల్ని నమ్మకండి, అవి ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. సెంటీమీటర్లే చూడండి. 50–54 అని రాసినవి మూడు రకాలు పెట్టి చూశాం. మొదటిది కణతల దగ్గర నొక్కేసింది, తీసేసరికి ఎర్రగా అచ్చులు పడ్డాయి. రెండోది పక్కల బాగానే పట్టింది కానీ నుదుటి దగ్గర, వెనకాల వేలు దూరేంత సందు మిగిలింది. సైజు ఒకటే అయినా తల ఆకారం వేరు కదా, కొందరిది గుండ్రం, కొందరిది పొడుగు. మూడోది కుదిరింది. షాపులోనే పది నిమిషాలు పెట్టుకుని తిరగనిచ్చాం. వాళ్లేమీ అనలేదు, అన్నా నేను ఊరుకునేదాన్ని కాదు.

కుదిరిందని ఎలా తెలుసుకున్నానో వివరంగా చెబుతాను. హెల్మెట్ సమంగా కూర్చుని, దాని ముందు అంచుకీ కనుబొమ్మలకీ మధ్య రెండు వేళ్లు పట్టాయి. పాప కళ్లు పైకెత్తితే అంచు కనబడుతోంది అంది, అలా కనబడాలి. గడ్డం కింద పట్టీ పెట్టకుండా హెల్మెట్ వెనక ఉండే చిన్న బిగింపు చక్రం మాత్రమే తిప్పి బిగించి ముందుకి వంగమన్నాను, ఊడి పడలేదు. అడ్డంగా తల ఊపమంటే నుదుటి చర్మం కూడా హెల్మెట్‌తో పాటు కదిలింది. తర్వాత పట్టీలు. రెండు వైపులా రెండేసి పట్టీలు వచ్చి చెవి తమ్మె కిందే కలవాలి. కలిపే ప్లాస్టిక్ ముక్కని జరిపి సరిచేయడానికి పావుగంట పట్టింది. బకిల్ పెట్టాక గడ్డం కింద ఒకటి, మహా అయితే రెండు వేళ్లే దూరాలి, అంతకంటే దూరితే వదులన్నమాట. చివరగా "అమ్మా, పెద్దగా ఆవులించు" అన్నాను. నోరు తెరవగానే హెల్మెట్ నడినెత్తి మీద కిందికి నొక్కినట్టయింది. పాపకి ఈ ఆవులింత పరీక్ష ఎంత నచ్చిందంటే ఇప్పటికీ సైకిల్ ఎక్కే ముందు చేస్తుంది.

ధర పదమూడు వందలు. బరువు మా వంటింటి కాటా మీద 260 గ్రాములు. లోపలి చీటీ మీద సీఈ గుర్తు (యూరప్ నిబంధనలకి సరిపోతుందని చెప్పేది), ఈఎన్ 1078 అని ఉన్నాయి. ఈఎన్ 1078 అంటే యూరప్‌లో సైకిల్ హెల్మెట్లకి పెట్టిన ప్రమాణం. ఆ పరీక్షలో హెల్మెట్‌ని చదునైన ఇనుప దిమ్మె మీదికి సెకనుకు 5.42 మీటర్ల వేగంతో వేస్తారు, అంటే గంటకి దాదాపు 20 కిలోమీటర్లు. సైకిల్ మీంచి పడే పిల్లల కోసం లెక్కగట్టింది అది. అందుకే ఇదే హెల్మెట్ పెట్టి పాపని మా స్కూటీ వెనక కూర్చోబెట్టను. నాలుగేళ్లు దాటిన వాళ్లందరికీ బండి మీద హెల్మెట్ తప్పనిసరి అని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. దానికి ఐఎస్ 4151 (బండి హెల్మెట్లకి మన దేశ ప్రమాణం), ఐఎస్ఐ గుర్తు ఉన్నది వేరే కొన్నాం. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకి 2022లో వేరే నిబంధన వచ్చింది. తలకు సరిపడే హెల్మెట్, పిల్లల్ని నడిపేవాళ్లకి కలిపి కట్టే సేఫ్టీ బెల్టు ఉండాలి, బండి వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. ఈ వయసు పిల్లలకి మాత్రం ప్రమాణాలున్న సైకిల్ హెల్మెట్ కూడా చెల్లుతుంది.

ఇక రోజువారీ వాడకం. వైజాగ్ ఉక్కపోత తెలిసిందే. పొద్దున్నే బీచ్ రోడ్డులో ఒక రౌండ్ వేసి వచ్చేసరికి లోపలి ప్యాడ్‌లు పిండితే నీళ్లు కారతాయి. పట్టీల మీద తెల్లగా ఉప్పు చారలు కడతాయి. వారానికోసారి ప్యాడ్‌లు ఊడదీసి కాస్త షాంపూతో ఉతికి నీడలో ఆరేస్తాను. ఏడాదికల్లా నుదుటి ప్యాడ్ అంటుకోవడం మానేసింది, విడి ప్యాడ్‌లు షాపులో దొరకలేదు. ఈ మోడల్‌లో నాకు నచ్చనిది అదొక్కటే. ముందు రంధ్రాలకి సన్నని జాలీ ఉండడం మాత్రం చాలా మంచిది, పురుగులు దూరవు.

జడల విషయం కొనేటప్పుడు నాకు తట్టలేదు. నడినెత్తికి ఎత్తి కట్టిన పోనీటెయిల్ మీద హెల్మెట్ కూర్చోదు, ముందుకి వాలిపోతుంది. రెండు జడలైతే కిందికి అల్లితే సరిపోతుంది. పక్కపిన్నులు తీసేయాలి, గుచ్చుకుంటాయి. తలకి నూనె పెట్టిన రోజు జారుతుంది, ఆ రోజు సైకిల్ వద్దంటాను. ఏడో ఏట సింహాద్రి అప్పన్న మొక్కు తీర్చి గుండు చేయించాం. మర్నాడు హెల్మెట్ పెడితే గిరగిరా తిరిగింది! కొలిస్తే సెంటీమీటరు తగ్గింది. వెనక చక్రం నాలుగు క్లిక్కులు బిగించాక పట్టింది. జుట్టు పెరిగేకొద్దీ నెలకో క్లిక్కు వదులు చేస్తూ వచ్చాను.

బకిల్ పెట్టేటప్పుడు ఒకసారి గడ్డం కింద చర్మం నొక్కుకుపోయింది. నాలుగు రోజులు హెల్మెట్ వద్దని మొండికేసింది. అప్పటి నుంచి బకిల్‌కీ చర్మానికీ మధ్య నా వేలు పెట్టి నొక్కేదాన్ని. ఇప్పుడు తనే అలా వేలు పెట్టుకుని పెట్టుకుంటోంది. పార్కుకి వెళ్తే జారుడుబల్ల ఎక్కే ముందు హెల్మెట్ తీయించడం మర్చిపోకండి. ఆట సామాను సందుల్లో హెల్మెట్ ఇరుక్కుంటే పట్టీ మెడకి ఉరిలా బిగుసుకుంటుంది.

కొన్న పందొమ్మిది నెలలకి పాప మళ్లీ పడింది. ఎదురుగా కుక్క వచ్చిందని పక్కకి తిప్పి, ఫుట్‌పాత్ అంచుకి తల కొట్టుకుంది. ఆ టక్కుమనే చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. డాక్టరుగారు చూసి ఏమీ లేదన్నారు, మోచెయ్యి మాత్రం గీరుకుంది. హెల్మెట్ ఈసారి ఉన్నచోటే ఉంది. బయట గీతలు తప్ప ఏమీ కనబడలేదు. ప్యాడ్‌లు తీసి చూస్తే లోపలి థర్మాకోల్‌లో కుడి వైపు వెంట్రుకంత సన్నని బీట, దాని చుట్టూ కాస్త నొక్కుకుపోయి ఉంది. ఆ థర్మాకోల్ తను నలిగిపోతూ దెబ్బని మింగుతుంది. ఒకసారి నలిగాక మళ్లీ లేవదు, కాబట్టి గట్టి దెబ్బ తిన్నది బీట లేకపోయినా మార్చేయాలి. ఎవరూ ఏరుకుని వాడకుండా పట్టీలు కత్తిరించి పారేశాను.

పారేసే ముందు అత్తయ్యగారికి ఆ బీట చూపించాను. వేలితో తడిమి చూసి, "మళ్లీ ఇదే తీసుకో అమ్మా, ఇదే సైజు" అన్నారు.

ఆ మూడోది కొని ఇప్పటికి ఏడాది దాటింది. మొన్న ఆదివారం కొలిస్తే పాప తల 53. చక్రం పూర్తిగా వదలడానికి ఇంకా మూడు క్లిక్కులు ఉన్నాయి. రెండు నెలలకోసారి టేపు తీస్తున్నాను.