బడ్జీల బ్రీడింగ్ బాక్స్: ముర్గీ చౌక్ చాచా దగ్గర కొన్నది, వాడి చూశాక

బడ్జీలు, అంటే పంజరాల్లో పెంచుకునే చిన్న చిలుకలు. వాటితో గుడ్లు పెట్టించడం కష్టమేమీ కాదు. కడుపునిండా తిండి, ఒక చీకటి గూడు దొరికితే అవే పెట్టేస్తాయి. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలు రెండు కాళ్ల మీద గట్టిగా నిలబడేదాకా చూసుకోవడంలోనే ఉంది అసలు టెన్షనంతా. అందులో సగం భారం గూడు మీదే పడుతుంది. అందుకే ఒక చెక్క పెట్టె గురించి ఇంత రాస్తున్నాను.

మాది రామంతాపూర్. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. మెషిన్ పక్కన కిటికీ, కిటికీ పక్కన పంజరం. రోజంతా వాటి ముందే కూర్చుంటాను కాబట్టి ఏ పిట్ట ఎప్పుడు గూట్లో దూరింది, ఎప్పుడు బయటికొచ్చింది నా కళ్లలో పడుతూనే ఉంటుంది. ఆడది గంగ, పచ్చరంగు. మగది కిట్టు, నీలం. పేర్లు మా అమ్మాయి పెట్టింది.

చార్మినార్ నుంచి లాడ్ బజార్ గుండా నేరుగా నడిస్తే మహబూబ్ చౌక్ గడియార స్తంభం వస్తుంది. ముర్గీ చౌక్ అంటే ఊళ్లో అందరికీ తెలుసు. ఆ పక్క సందుల్లో ఒకదాంట్లో పంజరాలు, గూళ్లు అమ్మే చిన్న కొట్టు ఉంది. బోర్డు లేదు. కొట్లో కూర్చునే పెద్దాయన్ని వచ్చినవాళ్లంతా చాచా అనే పిలుస్తారు. పెట్టెలు ఆయనే కోసి, ఆయనే బిగిస్తాడు. బాక్స్ కావాలి చాచా అని అడగ్గానే ధర చెప్పలేదు.

"పిట్టలకు వయసెంత అమ్మా?"

"ఏడాది దాటింది చాచా."

"ఆడదాని ముక్కు మీద కండ ఏ రంగుంది?"

"గోధుమ రంగుకు తిరిగింది. మగదానికి ముదురు నీలం."

"అయితే తీస్కపో. ఏడెనిమిది నెలల పిల్లకు గూడు కడితే గుడ్డు లోపలే ఇరుక్కుంటది, పానం పోతది. అట్లాంటోళ్లకు నేను అమ్మను."

ఆ ఒక్క మాటతో ఆ కొట్టు మీద నాకు నమ్మకం కుదిరింది. పిట్టలు పెంచేవాళ్లకు తెలిసిందే, లేత వయసు పెట్టకు, ఒంట్లో కాల్షియం తక్కువున్న పెట్టకు గుడ్డు అడ్డం పడి చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ. సరుకు అమ్ముడుపోతే చాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్న కాదది.

బాక్స్ 350 రూపాయలు. అదే కొట్లో మట్టికుండ 80కే వస్తుంది.

ఇంటికి తెచ్చి నా టేపుతో కొలిచాను. పొడవు 9 అంగుళాలు, వెడల్పు 6, ఎత్తు ఆరున్నర. ముందువైపు రంధ్రం రెండంగుళాలకు కాస్త తక్కువ. దాని కింద బయట ఒక పుల్ల, లోపల కాలు మోపడానికి చిన్న మెట్టు. ఆ మెట్టు చాలామంది పెట్టరు. అది లేకపోతే ఆడది రంధ్రంలోంచి తిన్నగా గుడ్ల మీదికి దూకుతుంది, గుడ్డు పగులుతుంది. ప్లైవుడ్ మందం 9 మిల్లీమీటర్లు. మేకులు లోపలికి పొడుచుకు రాలేదు, వేలితో అంచులన్నీ తడిమి చూశాను. లోపల రంగు గానీ పాలిష్ గానీ లేదు. ఆడ బడ్జీ గుడ్లు పెట్టే ముందు గూటిని కొరుకుతూనే ఉంటుంది, కాబట్టి లోపల రంగు ఉండకూడదు. గంగ రంధ్రం అంచును ఎంత కొరికిందంటే, చాచా గుండ్రంగా కోసిన రంధ్రం ఇప్పుడు కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది.

ఇక అడుగున ఉండే గుంత చెక్క. నేను ఈ బాక్స్‌కు ఎక్కువ మార్కులు వేసేది దీనికే. ఒక మందపాటి చెక్కను మధ్యలో పళ్లెంలా లోతుగా చెక్కి, విడిగా బయటికి తీసేలా పెట్టాడు. బడ్జీలది ఆస్ట్రేలియా. అక్కడ అవి యూకలిప్టస్ చెట్ల తొర్రల్లో గుడ్లు పెడతాయి. మన పిచ్చుకల్లా గడ్డీ గాదం తెచ్చి గూడు కట్టుకోవు. తొర్ర అడుగున ఉండే పల్లమే వాటి గూడు. అలాంటి పల్లం ఉంటే గుడ్లన్నీ మధ్యలోకి చేరి ఆడదాని పొట్ట కిందే ఉంటాయి, వెచ్చదనం అన్నిటికీ అందుతుంది. పిల్లలకైతే ఇది మరీ ముఖ్యం. పుట్టినప్పుడు ఒంటి మీద నూగు కూడా ఉండదు, కళ్లు తెరవవు, ఎముకలు మెత్తగా ఉంటాయి. చదునైన నున్నటి చెక్క మీద తల్లి బరువు పడితే కాళ్లు చెరో పక్కకు జారిపోతాయి. అట్లాగే పెరిగితే అట్లాగే గట్టిపడిపోతాయి.

ఇది నేను ఇంట్లోనే చూశాను. అంతకుముందు ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తెప్పించిన బాక్స్‌కు అడుగు పూర్తిగా చదును. ఫొటోలో మెరుస్తూ చాలా అందంగా ఉంది. పైగా లోపల పరచమని కొబ్బరి పీచు కట్ట కూడా పంపారు. పీచు బడ్జీలకు అక్కర్లేదు సరికదా, పిల్లల వేళ్లకు చుట్టుకుంటే రక్తం ఆడక వేలే ఊడిపోవచ్చు. దాన్ని నేను లోపల పెట్టలేదు. చదును అడుగు సంగతి మాత్రం పిల్లలు పెరిగాకే బయటపడింది. రెండు పిల్లలకు కాళ్లు పక్కకు విడిపోయాయి. పక్షులను చూసే డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. రెండు కాళ్లనూ సరైన దూరంలో పెట్టి మెత్తటి టేపుతో కలిపి కట్టారు. చిన్నదానికి ఎముక ఇంకా లేతగా ఉంది కాబట్టి కాళ్లు సర్దుకున్నాయి. పెద్దదానికి సర్దుకోలేదు. అది బుజ్జి, ఇప్పటికీ మా దగ్గరే ఉంది. పుల్ల పట్టుకుని నిలబడలేదు. దానికోసం పంజరంలో కింద వెడల్పాటి పలక బిగించి, మెత్తటి గుడ్డ పరిచాను. గింజలు, నీళ్లు నోటికి అందేంత దగ్గర్లో పెడతాను. దాన్ని చూసిన ప్రతిసారీ ఆ బాక్స్ అమ్మినవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. ఒక గుంత చెక్క వేయడానికి వాళ్లకు ఎంత ఖర్చయ్యేది?

చాచా బాక్స్‌లో పెరిగిన పిల్లల్లో ఒక్కదానికీ కాళ్లు వంకర పోలేదు. గుంత చెక్క మీద వడ్రంగి దగ్గర తెచ్చిన చిత్రిక పొట్టు రెండు గుప్పెళ్లు వేస్తాను. గంగ ముందు అంతా బయటికి తోసేసింది. పిల్లలు వచ్చాక మళ్లీ వేస్తే ఊరుకుంది. రంపపు పొట్టు వేయకండి, ఆ సన్న దుమ్ము పిల్లల ముక్కుల్లోకి పోతుంది.

కుండ గురించి కూడా చెప్పాలి, మన దగ్గర ఎక్కువమంది వాడేది అదే. కుండ అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి కాళ్లకు ఇబ్బంది లేదు, కడిగి ఎండబెడితే మళ్లీ కొత్తదే. కానీ లోపల ఏం జరుగుతోందో చూడలేం, చెయ్యి పెట్టాలంటే తల్లిని బెదరగొట్టాలి. ఐదారు పిల్లలైతే చోటు చాలదు. బడ్జీ రోజు విడిచి రోజు ఒక్కో గుడ్డు పెడుతుంది, ఒక్కో గుడ్డుకు దాదాపు 18 రోజుల పొదుగు. కాబట్టి పిల్లలూ రోజు విడిచి రోజే వస్తాయి. చివరిది గుడ్డు పగలగొట్టుకుని వచ్చేసరికి మొదటిది వారం పైబడి పెరిగి ఉంటుంది. ఇరుకు గూట్లో చిన్నది పెద్దవాటి కింద నలిగిపోతుంది. 9 అంగుళాల పొడవు ఇక్కడే అక్కరకొస్తుంది.

ఇప్పుడు తలుపు. బాక్స్‌ను పంజరం బయట రెండు కొక్కేలతో తగిలించాలి. రంధ్రం పంజరంలోకి, జారే తలుపు మనవైపు ఉంటుంది. గంగ నీళ్లకు బయటికి రాగానే తలుపు పైకి లాగి చూసేదాన్ని. కొత్తలో గుడ్ల వెనక ఫోన్ టార్చ్ పెట్టి చూస్తే, ఐదారు రోజులు పొదిగిన గుడ్డులో సన్నటి ఎర్రటి నరాలు కనిపిస్తాయి. బిడ్డ లేని గుడ్డు పసుపుగా, ఖాళీగా ఉంటుంది. మా అమ్మాయి మొదటిసారి ఆ నరాల మధ్య చుక్కంత గుండె కొట్టుకోవడం చూసి, ఊపిరి బిగబట్టి, "అమ్మా, మాట్లాడకు" అంది. ఈ బాక్స్‌లో గంగ మొదటి విడతలో ఐదు గుడ్లు పెట్టింది, నాలుగు పిల్లలయ్యాయి.

పిల్లలు వచ్చాక రోజూ తలుపు తీయాల్సిందే. గొంతు కింద సంచి నిండుగా ఉందా లేదా చూడాలి. చర్మం పల్చగా ఉంటుంది కాబట్టి లోపలి గింజలు బయటికే కనిపిస్తాయి. పొద్దున పూట ఏదైనా పిల్ల సంచి ఖాళీగా ఉంటే దానికి తిండి అందట్లేదని అర్థం. కాలివేళ్లకు రెట్ట గట్టిగా పట్టుకుంటే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి తీయాలి, లాగకూడదు. పైముక్కు లోపల తిండి ఎండి అతుక్కున్నా అంతే. వదిలేస్తే ముక్కు వంకరగా పెరుగుతుంది. పది రోజులకు కాస్త అటూఇటూగా కళ్లు తెరుస్తాయి, రెండు వారాలకు ముళ్లలాంటి ఈకలు మొలుస్తాయి, నెల దాటాక రంధ్రంలోంచి తల బయటపెట్టి ఒక్కోటీ దూకుతాయి. ఇదంతా కుండతో చూడలేకపోయేదాన్ని.

లోపాలున్నాయి. పిల్లలు పెద్దయ్యేకొద్దీ రెట్ట తడి ఎక్కువవుతుంది. ఆ తడికి, వానాకాలం చెమ్మకు తలుపు చెక్క ఉబ్బి గాడిలో ఇరుక్కుపోయింది. గట్టిగా లాగితే బాక్సంతా ఊగి తల్లి బెదిరిపోయింది. గరుకు కాగితంతో రెండు అంచులూ రుద్ది, కాస్త కొవ్వొత్తి మైనం పూశాక సర్దుకుంది. రెండోది, గుంత చెక్కకీ బాక్స్ గోడకీ మధ్య సన్నటి సందు ఉంది. అందులో పొడి, రెట్ట చేరి గోమార్లు పట్టే వీలుంది. ప్రతి విడత తర్వాత గుంత చెక్క తీసి, మరిగే నీళ్లు పోసి, మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టాలి. మూడోది, కొత్త బాక్స్‌కు జిగురు వాసన. డాబా మీద వాసన పోయేదాకా ఎండనిచ్చాకే తగిలించాను. కొక్కేలు కూడా కొంచెం పల్చన, నేను వాటికి అదనంగా తీగ చుట్టాను.

చాచా దగ్గర సముద్రపు నురుగు (కటిల్ చేప ఎముక) కూడా ఉంటుంది గానీ ముక్కలు చిన్నవి. బేగంబజార్ మూలికల కొట్లో పెద్దవి తెచ్చుకోండి. ఆడదానికి కాల్షియం దాన్నుంచే. గింజలు మామూలే, కొర్రలు, సామలు, సజ్జలు కలిపి వేస్తాను. పిల్లలున్నప్పుడు ఉడికించిన గుడ్డు చిదిమి, కొత్తిమీర, మొలకెత్తిన పెసలు కలిపి పెడతాను. కిట్టు అది తిని గంగకు కక్కి పెడితే, గంగ పిల్లలకు పెడుతుంది. గుడ్డు మిగిలితే రెండు గంటల్లో తీసేయాలి, పాడైపోతుంది. పాలకూర ఎక్కువ పెట్టకండి, ఒంటికి కాల్షియం అందనివ్వదు.

బాక్స్ ఎక్కడ తగిలించారన్నదీ ముఖ్యమే. వంటింటికి దగ్గరైతే అస్సలు వద్దు. మాడిన నాన్‌స్టిక్ పెనం నుంచి వచ్చే ఆవిరి నిమిషాల్లో పిట్టల ప్రాణం తీస్తుంది. దీపావళికి మా గల్లీలో అర్ధరాత్రి దాటినా లక్ష్మీబాంబులు పేలుతూనే ఉన్నాయి. అప్పటికి గంగ గుడ్ల మీద ఉంది. సాయంత్రమే పంజరాన్ని లోపలి గదిలోకి మార్చి, తలుపులు మూసి, దుప్పటి కప్పి, చిన్న బల్బు ఉంచాం. కిట్టు పుల్ల మీద అటూఇటూ గెంతుతూనే ఉన్నాడు గానీ, గంగ గూట్లోంచి కదల్లేదు. ఆ మందపాటి ప్లైవుడ్ మోత కొంత ఆపిందనే అనుకుంటున్నాను.

ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఏ బాక్స్ అయినా తీసి అటక మీద పెట్టేయండి. మన ఎండలకు మూసిన పెట్టెలో పిల్లలు ఉడికిపోతాయి, తల్లి కూడా వడలిపోతుంది. వరసగా రెండు విడతలయ్యాక విరామం ఇవ్వాల్సిందే. గూడు కళ్ల ముందుంటే ఆడది పెడుతూనే ఉంటుంది, ఎముకల్లో కాల్షియమంతా గుడ్లకే పోతుంది.

మొత్తానికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు తలుపుకు తగ్గించాను. ఒకటి రెండు జంటలు పెంచుకునేవాళ్లకు, రోజూ పిల్లల్ని చూసుకునే తీరిక ఉన్నవాళ్లకు 350 ఎక్కువేం కాదు. ఉబ్బిన తలుపు సంగతి చాచాకు చెప్తే గాడి కాస్త వెడల్పు చేసి ఇస్తానన్నాడు, కొనేటప్పుడు అడిగి మరీ చేయించుకోండి. దసరాకు ముందు వెళ్తే కొట్లో తయారుగా దొరుకుతాయి. ఆ తర్వాత గిరాకీ పెరుగుతుంది, ఆర్డరిచ్చి ఆగాలి.