కే31 స్విస్ రైఫిల్: ఏళ్ల తరబడి కాల్చాక నా మాట

నా గన్‌సేఫ్‌లో ఉన్న రెండు పాత సైనిక రైఫిళ్లూ స్విట్జర్లాండ్‌వే. ఒకటి కే11, రెండోది కే31. ఉండేది టెక్సాస్ కాబట్టి కాల్చుకోవడానికి రేంజీలకు కొదవ లేదు. వీటిని కొందామనుకునేవాళ్లు అడిగితే నేను మొదట చెప్పేది ఒకటే: ముందు తూటాలు ఎక్కడ, ఎంతకు దొరుకుతాయో చూసుకోండి, ఆ తర్వాతే తుపాకీ బేరం ఆడండి. ఈ రైఫిల్ పేరు ప్రతిష్ఠల్లో సగం దాని తూటావే.

ఆ తూటా పేరు జీపీ11. స్విస్ సైన్యం 1911లో తెచ్చింది. కొలత 7.5×55 అని రాస్తారు గానీ గుండు వ్యాసం నిజానికి 7.8 మిల్లీమీటర్లు. బరువు 174 గ్రెయిన్లు (సుమారు 11.3 గ్రాములు), ముక్కు బాగా సన్నం, వెనకభాగం కూడా సన్నబడి ఉంటుంది. కే31లోంచి సెకనుకు సుమారు 780 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. సైన్యం కోసం కుప్పలుగా పోసిన సరుకంటే నమ్మబుద్ధి కాదు, అంత నికరంగా ఉంటుంది ఒక్కో తూటా. పది తూటాల అట్టపెట్టెలు, మెడ చుట్టూ మైనం పూత. పాత రష్యా తూటాల్లా గొట్టాన్ని తుప్పు పట్టించదు కూడా. మోసిన్ అనే పాత రష్యా రైఫిల్ ఉన్న మిత్రుడు రేంజి నుంచి రాగానే నీళ్లతో గొట్టం కడుక్కుంటుంటే నేను తీరిగ్గా టీ తాగుతుంటాను.

చిక్కేమిటంటే జీపీ11 ప్రైమర్, అంటే మందును అంటించే అడుగు టోపీ, బెర్డాన్ రకం, మామూలు పనిముట్లతో ఊడిరాదు. ఖాళీ కేసుల్ని (తూటా తొడుగుల్ని) ఇంట్లో మళ్లీ నింపుకోవడం దాదాపు కుదరని పని. ఒకప్పుడు చవగ్గా దొరికింది గనక ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు అమెరికాలో అది కనిపించడమే అరుదు, కనిపించినా ధర చూసి వెనక్కి పెట్టేస్తాం. అందుకని నేను సెర్బియా నుంచి వచ్చే ప్రీవీ పార్టిజాన్ తూటాలు కొని, కాల్చిన కేసుల్ని దాచి రీలోడ్ చేసుకుంటున్నాను. అక్కడ ఒక మెలిక ఉంది. కే31 చాంబర్ (తూటా కూర్చునే గది) ముందుభాగాన్ని జీపీ11 గుండు ఆకారానికి తగ్గట్టు బాగా పొట్టిగా చేశారు. బజార్లో దొరికే లావు ముక్కు 30 క్యాలిబర్ గుండును అదే పొడవున కూర్చోబెడితే రైఫ్లింగ్‌కు, అంటే గొట్టం లోపలి మెలికల గాళ్లకు, తగులుకుంటుంది, తూటా వెనక మూసే బోల్ట్ మూసుకోదు. గుండును కేసులో ఇంకాస్త లోపలికి దించాలి. కొత్త రకం గుండు తెచ్చిన ప్రతిసారీ మందు లేని ఉత్తి తూటా ఒకటి చేసి, బోల్ట్ మూసి చూసుకున్నాకే అసలు పని మొదలుపెడతాను.

ఇక అందరూ చెప్పుకునే స్ట్రెయిట్-పుల్ సంగతి. మామూలు బోల్ట్‌ను పైకెత్తి వెనక్కి లాగుతాం, మళ్లీ ముందుకు తోసి కిందికి దించుతాం. ఇందులో పిడి పట్టుకుని తిన్నగా వెనక్కి లాగడం, తిన్నగా ముందుకు తోయడం, అంతే. లోపలున్న వంపు గాడి వల్ల బోల్ట్ తనే తిరిగి తాళం తీసుకుంటుంది, వేసుకుంటుంది. రుడాల్ఫ్ ష్మిట్ రైఫిల్‌కీ ఎడ్వర్డ్ రూబిన్ తూటాకీ జత కుదిరి 1889 మోడల్ వచ్చింది. అందులో బోల్ట్‌ను పట్టి ఉంచే లగ్గులు (తాళం పళ్లు) బాగా వెనక ఉండేవి. నా కే11 నాటికి అవి కొంత ముందుకొచ్చాయి. 1930ల్లో బెర్న్ ఆయుధ కర్మాగారం కే31తో వాటిని చాంబర్ వెనకే పెట్టేసింది. దాంతో యంత్రం పొట్టిదై, తుపాకీ మొత్తం పొడవు పెరక్కుండానే గొట్టం 592 నుంచి 652 మిల్లీమీటర్లకు పెరిగింది. రెంటినీ ఒకేరోజు కాలిస్తే తేడా చేతికే తెలుస్తుంది. కే11 బోల్ట్ లాగినప్పుడు చాలా దూరం వస్తుంది, ముఖం పక్కకు తిప్పుకోవాల్సి వస్తుంది.

వేగం గురించి చెప్పేవన్నీ నేను నమ్మను. బ్రిటిష్ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ అలవాటైనవాడు నాకంటే ముందే పది తూటాలు ఖాళీ చేసేస్తాడు. స్ట్రెయిట్-పుల్ మేలు వేరేచోట ఉంది: బోర్లా పడుకుని కాలుస్తున్నప్పుడు చెంప చెక్కకు ఆనించే ఉంటుంది, గురి పెద్దగా కదలదు. దానికి మూల్యం కూడా ఉంది. తిప్పే బోల్ట్‌లో పైకెత్తినప్పుడే కేసును వదులు చేసే బలం వస్తుంది, ఇందులో ఆ బలం తక్కువ. ఎండలో రీలోడ్ కాస్త ఘాటెక్కితే పిడి మొండికేస్తుంది. జీపీ11తో మాత్రం నాకెప్పుడూ అలా కాలేదు.

ట్రిగ్గర్ రెండు దశలది. మొదటి దశ దాటాక గోడకు తగిలినట్టు ఆగి, అక్కణ్ణుంచి శుభ్రంగా తెగుతుంది. ఆ కాలపు సైనిక రైఫిళ్లలో దీని సాటి ట్రిగ్గర్ నేను వాడలేదు. మంచి రోజైతే ఇనుప సైట్లతోనే 100 గజాల దగ్గర ఐదు గుండ్లూ రెండంగుళాల్లో పడతాయి. నా కళ్లజోడు నంబరు మారిన దగ్గర్నుంచీ మంచి రోజులు తగ్గాయి, అది రైఫిల్ తప్పు కాదు. స్కోప్ పెడదామంటే ఖాళీ కేసులు పైకి ఎగురుతాయి కాబట్టి నెత్తిన బిగించడం కుదరదు, పక్కకు జరిగి ఉండే క్లాంప్ మౌంట్ వెతుక్కోవాలి. రంధ్రాలు మాత్రం వేయించొద్దు. తన్ను మరీ ఎక్కువ కాదు గానీ భుజానికి ఆనే చోట ఇనప పట్టీ, పల్చటి టీషర్టు ఉంటే సాయంత్రానికి భుజం గుర్తు చేస్తుంది. బోల్ట్ వెనకున్న రింగును లాగి పక్కకు తిప్పితే సేఫ్టీ. చలికి తొడుగులు వేసుకున్న చేతికి కూడా అందేంత పెద్దది.

ఆ ఇనప పట్టీ విప్పితే కొన్నిట్లో ఒక చీటీ ఉంటుంది. స్విస్ సైనికుడు రైఫిల్‌ను ఇంట్లోనే పెట్టుకునేవాడు, అతని పేరు, ఊరు, దళం ఆ చీటీ మీద రాసి ఉంటాయి. నా కే31లో కూడా ఒకటి దొరికింది, తీసి చూసి మళ్లీ అక్కడే పెట్టేశాను. అడుగున చెక్క మాత్రం మంచులో, బూట్ల మధ్య నలిగినట్టు నల్లబడి, పెచ్చులూడి ఉంటుంది. అది చూసి బెదిరిపోకండి. చెక్క అంత దీనంగా ఉన్న వాటిలో కూడా గొట్టం లోపల అద్దంలా ఉండటం చాలాసార్లు చూశాను. కొనేటప్పుడు రిసీవరు (బోల్ట్ ఉండే చట్రం), గొట్టం, బోల్ట్, మ్యాగజీన్ మీద నంబర్లు ఒకటేనా చూడండి. ఆరు తూటాల చార్జర్లు (మ్యాగజీన్ నింపే క్లిప్పులు) కూడా రెండు మూడు అడగండి, విడిగా కొంటే మంట.

1889 మోడల్ చవగ్గా కనిపించినా అందులో జీపీ11 పెట్టి కాల్చకండి. ఆ యంత్రం అంతకంటే తక్కువ ఒత్తిడి తూటాకు చేసింది.

మనవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనడమే కాదు, చేతిలో ఉంచుకోవడం కూడా మామూలుగా నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్ని అడిగి తేల్చుకోండి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఆ అడ్డు లేదు. 50 ఏళ్లు దాటిన తుపాకులకు క్యూరియో అండ్ రెలిక్ అనే, పాత తుపాకులు సేకరించేవాళ్ల ఫెడరల్ లైసెన్సు ఉంది, అది తీసుకుంటే వేరే రాష్ట్రం నుంచి కూడా కే31 నేరుగా ఇంటికి తెప్పించుకోవచ్చు. కొన్న ప్రతిదీ రిజిస్టర్లో రాసుకోవాలి, కొన్ని రాష్ట్రాల్లో ఇంకా గట్టి షరతులున్నాయి.