కొనే క్లబ్బా, అమ్మే క్లబ్బా: మావాడికి ఏ జెర్సీ కొనాలి?

మావాడికి పదేళ్లు నిండాయి. వాడి పసుపు జెర్సీ ఇప్పుడు బొడ్డు దాటి కిందికి రావడం లేదు.

అది హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీ. 2022లో మన క్లబ్బు ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచినప్పుడు, పెరిగే పిల్లాడు కదా అని రెండు సైజులు పెద్దది కొన్నాను. నాలుగేళ్లు నడిచింది. వీపు మీద తొమ్మిదో నంబరు తోక ఊడిపోయి సున్నాలా కనిపిస్తోంది. కొత్తది కొందామంటే క్లబ్బే ఊళ్లో లేదు. 2025లో ఢిల్లీ వెళ్లిపోయింది. పేరు కూడా మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

కాబట్టి వాడికి ఇంకో క్లబ్బు వెతకాలి. ఇంట్లో ఇద్దరు పోటీదారులున్నాం. నేను ఇరవై ఏళ్లకు పైగా మాంచెస్టర్ యునైటెడ్ మనిషిని. మా బామ్మర్ది చెల్సీ. రెండూ ఇంగ్లండ్ క్లబ్బులే. "బావా, పిల్లాణ్ణి మీ యునైటెడ్‌లోకి లాగకు. చిన్న వయసులోనే బీపీ తెప్పిస్తవా ఏంది?" అని వాడి గొడవ. నేను బతికేది పద్దుల మీద. నారాయణగూడలో ఒక ఆడిటర్ దగ్గర పని. అందుకే ఒక మాట పెట్టాను. పాయింట్ల పట్టిక కాదు, లెడ్జర్ చూద్దాం. ఆటగాళ్లను ఎవరు కొంటున్నారు, ఎవరి డబ్బుతో కొంటున్నారు, ఒకటో తారీఖున జీతాలు ఎక్కడినుంచి వస్తున్నాయి. పిల్లాణ్ణి ముప్పై నలభై ఏళ్లకు అప్పగించే క్లబ్బు కదా, ఆ మాత్రం చూడాలి.

ముందు నా క్లబ్బునే తిడతాను, లేకపోతే బామ్మర్ది ఊరుకోడు.

మీరుంటున్న ఇంటిని ఒకాయన కొన్నాడనుకోండి. కొనడానికి తెచ్చిన అప్పును ఆ ఇంటి మీదే రాసి, ఈఎంఐ మీ జీతంలోంచి కట్టమంటే ఎలా ఉంటుంది? 2005లో గ్లేజర్ కుటుంబం యునైటెడ్‌ను సుమారు 79 కోట్ల పౌండ్లకు కొన్నప్పుడు జరిగింది దాదాపు అదే. అంతవరకు అప్పు లేని క్లబ్బు ఆ రోజు నుంచి వడ్డీ కట్టడం మొదలుపెట్టింది. వడ్డీలు, డివిడెండ్లు, ఇతర ఖర్చులన్నీ కలిపి ఇప్పటికి వంద కోట్ల పౌండ్లకు పైనే బయటికి పోయాయి. స్టేడియం సంగతి చెప్పాలంటే సిగ్గు. 2024 మేలో ఆర్సెనల్ మ్యాచ్ రోజు వాన పడితే ఓల్డ్ ట్రాఫర్డ్ పైకప్పు మీంచి నీళ్లు జలపాతంలా దూకాయి. మా పాత ఇంటి రేకుల షెడ్డు నయం.

పోనీ ఆటగాళ్ల మీద డబ్బు పెట్టలేదా అంటే పెట్టారు, చాలానే పెట్టారు. కానీ పెట్టిన తీరు చూడండి. మా కుర్రాడు పోగ్బాను 2012లో దాదాపు ఊరికే ఇటలీ క్లబ్బు యువెంటస్‌కు పోనిచ్చారు. 2016లో అతన్నే 8.9 కోట్ల పౌండ్లిచ్చి తిరిగి కొన్నారు. 2022లో కాంట్రాక్టు అయిపోతే మళ్లీ ఊరికే వదిలేశారు. సరుకు ఒకటే, కొన్నప్పుడు బంగారం ధర, అమ్మేటప్పుడు చెత్తబండి ధర. నా దగ్గరికి వచ్చే కిరాణా షాపు సేటు ఇలా చేస్తే వాళ్లావిడే తాళాలు లాక్కుంటుంది.

మేనేజ్‌మెంట్ ఇంకో కథ. 2024లో ర్యాట్‌క్లిఫ్ అనే బ్రిటిష్ వ్యాపారి వచ్చి పాతిక శాతం పైచిలుకు వాటా కొన్నాడు. ఖర్చు తగ్గిస్తానని సుమారు 250 ఉద్యోగాలు తీసేశాడు, ఆ తర్వాత సిబ్బందికి పెట్టే ఉచిత భోజనం కూడా ఆపేశాడు. అదే ఏడాది జులైలో కోచ్ టెన్ హాగ్ కాంట్రాక్టు పొడిగించారు, అక్టోబరులో పీకేసి పరిహారం కట్టారు. పరిహారం ఇచ్చి మరీ తెచ్చుకున్న స్పోర్టింగ్ డైరెక్టర్ (ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే అధికారి) ఆష్‌వర్త్ ఐదు నెలలకే ఇంటికి పోయాడు. నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో ముందు చాయ్ బిస్కెట్లు ఆపేశారు, ఆర్నెల్లకు జీతాలు ఆగాయి. చాయ్ ఆపేసే చోట ఎప్పుడూ పెద్ద లెక్కే తప్పి ఉంటుంది. 2024-25లో లీగ్‌లో మా స్థానం 15.

ఇదంతా వింటూ బామ్మర్ది ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటూ నవ్వాడు. నవ్వే హక్కు వాడికి ఉందా అన్నది చూద్దాం.

చెల్సీది పెద్ద పర్సు దారి. 2003లో రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ వచ్చి సొంత డబ్బు కుమ్మరించాడు. కప్పులు వచ్చాయి, కాదనను. కానీ 2022 మార్చిలో బ్రిటన్ అతని మీద ఆంక్షలు పెట్టిన రోజే క్లబ్బు షాపు మూతపడింది, కొత్త టికెట్లు అమ్మకూడదన్నారు. ఒక మనిషి పర్సు మీద నడిచే ఇల్లు, ఆ మనిషికి ఏదైనా అయితే ఆ పూటే ఆగుతుంది. అబ్రమోవిచ్ అంతవరకు క్లబ్బుకు ఇచ్చిన 150 కోట్ల పౌండ్ల అప్పు వదులుకున్నాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే?

తర్వాత అమెరికా వ్యాపారి బోలీ, క్లియర్‌లేక్ అనే పెట్టుబడి సంస్థ వాళ్లు 250 కోట్ల పౌండ్లకు కొని కొత్త ఆట మొదలుపెట్టారు. ఇక్కడ నాలాంటివాడికి మజా వస్తుంది. ఆఫీసుకి కంప్యూటర్ కొంటే ఆ ఖర్చంతా ఒకే ఏడాది రాయం, తరుగుదల కింద ఏటా కొంత రాస్తాం. ఆటగాడి ధర కూడా అంతే, కాంట్రాక్టు ఎన్నేళ్లయితే అన్నేళ్లకు పంచి రాస్తారు. ఎంజో ఫెర్నాండెజ్ అనే ఆటగాణ్ణి 2023 జనవరిలో 10.68 కోట్ల పౌండ్లకు కొన్నారు. ఐదేళ్ల కాంట్రాక్టు ఇస్తే ఏడాదికి 2.14 కోట్లు ఖర్చు కనపడాలి. వీళ్లు ఎనిమిదిన్నరేళ్లు ఇచ్చారు. ఖర్చు ఏడాదికి 1.26 కోట్లకు దిగింది. మూడేళ్లలో నష్టం 10.5 కోట్లు దాటొద్దని అప్పట్లో ఇంగ్లండ్ లీగ్ రూలు, ఆ గీత కిందనుంచి ఇలా దూరిపోయారన్నమాట. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ చూసి, ఎన్నేళ్ల కాంట్రాక్టయినా ఐదేళ్లకు మించి పంచడానికి వీల్లేదని 2023లో రూలు మార్చింది. ఇంగ్లండ్ లీగ్ కూడా అదే దారి పట్టింది. ఇంకో కిటుకు, సొంత అకాడమీలో పెరిగినవాణ్ణి అమ్మడం. వాడి కొన్న ధర సున్నా, కాబట్టి వచ్చిందంతా లాభమే. మేసన్ మౌంట్‌ను అలాగే అమ్మారు. కొన్నది ఎవరనుకున్నారు? మా యునైటెడే!

అదీ చాలక స్టేడియం పక్కనున్న రెండు హోటళ్లను 7.65 కోట్ల పౌండ్లకు తమదే అయిన ఇంకో కంపెనీకి అమ్మి లాభం చూపించారు. ఈ జేబులోంచి ఆ జేబులోకి. మా క్లయింట్లలో కొందరు మార్చి నెలాఖరులో ఇలాంటి ఐడియాలతోనే వస్తారు, నేను చాయ్ ఇచ్చి పంపిస్తాను. 2025లో యూఈఎఫ్ఏ చెల్సీకి 3.1 కోట్ల యూరోల జరిమానా వేసింది.

"అయిపోయిందా?" అన్నాడు బామ్మర్ది. "అదే ఏడాది క్లబ్ వరల్డ్ కప్ ఫైనల్లో పారిస్‌ను మూడు సున్నాతో కొట్టినం. నీ లెడ్జర్ కప్పు ఇస్తదా బావా?"

నా దగ్గర జవాబు లేదు. చాయ్ చల్లారిపోయిందని ఇంకోటి చెప్పాను.

నా మనసులో ఉన్నది మూడోది, బ్రైటన్. సముద్రం పక్కన చిన్న ఊరి క్లబ్బు. దీని పాత యాజమాన్యం సొంత మైదానాన్నే అమ్మేయడంతో 1997లో అక్కడినుంచి కదలాల్సి వచ్చింది. రెండేళ్లు వేరే ఊళ్లో, ఆ తర్వాత అథ్లెటిక్స్ ట్రాక్ ఉన్న స్టేడియంలో ఆడుకుంది. 2009లో టోనీ బ్లూమ్ అనే ఆ ఊరివాడే పగ్గాలు పట్టాడు. 2011లో కొత్త స్టేడియం, 2017లో ఇంగ్లండ్ పై స్థాయి ప్రీమియర్ లీగ్. వీళ్ల పద్ధతి మన పాడి రైతు పద్ధతి. మంచి దూడను కనిపెట్టి చవకగా తెచ్చి, మేపి, ధర పలికినప్పుడు అమ్మి, ఆ డబ్బులో కొంత మళ్లీ దూడల మీద పెట్టడం. ఈక్వెడార్ కుర్రాడు కైసేడోను 2021లో అర కోటి పౌండ్ల లోపే తెచ్చారు. 2023లో అమ్మితే షరతులన్నీ కలిపి ధర 11.5 కోట్ల పౌండ్లు. కొన్నది చెల్సీ. అంతకుముందే వీళ్ల ఇంకో ఆటగాడు కుకురేయాను కొన్నదీ చెల్సీయే, కోచ్ పాటర్‌ను తీసుకెళ్లిందీ చెల్సీయే. బామ్మర్ది పర్సుతోనే బ్రైటన్ పెరిగిందంటే వాడికి కోపం.

కోచ్ పోయిన ఆ సీజన్లోనే బ్రైటన్ ఆరో స్థానంలో నిలిచింది. పాటర్‌ను చెల్సీ ఏప్రిల్‌కల్లా పీకేసింది. ఎవరు పోతారో ముందే తెలిసినట్టు బదులు మనిషి పేరు జేబులో పెట్టుకుని తిరుగుతారు వీళ్లు. మేనేజ్‌మెంట్ అంటే నాకు ఇదే.

అయితే వకాలత్ పుచ్చుకున్నాను కదా అని దాచను. బ్రైటన్ ఒక్క అమ్మకాల మీదే బతికిందనుకుంటే పొరపాటు. బ్లూమ్ వడ్డీ లేకుండా ఇచ్చిన అప్పు ఒక దశలో 30 కోట్ల పౌండ్లు దాటింది. ఆ స్టేడియం కైసేడో డబ్బుతో కట్టింది కాదు. పెద్దమనిషి పర్సు అక్కడా ఉంది, కాకపోతే ఆ పర్సు పునాదిలో పడింది, పైన రంగుల్లో కాదు. ఇంకో లోపం, కప్పుల్లేవు. 1983లో ఎఫ్ఏ కప్ ఫైనల్ దాకా వచ్చి యునైటెడ్ చేతిలోనే పోయింది.

సభ్యులే యజమానులుగా ఉండే క్లబ్బులు మేలు కదా అని మా ఆఫీసులో ఒకతను అడిగాడు. బయర్న్ మ్యూనిక్‌లో 75 శాతం సభ్యుల సంఘానిది, మిగిలింది మూడు జర్మన్ కంపెనీలది. అది బంగారం లాంటి ఏర్పాటే, కానీ నూరేళ్ల అలవాటు ఉంటేనే అది నడుస్తుంది. స్పెయిన్ క్లబ్బు బార్సిలోనా కూడా సభ్యులదే. నేమార్‌ను అమ్మితే 2017లో 22.2 కోట్ల యూరోలు వచ్చాయి. ఆ డబ్బును డెంబెలే, కుటిన్యో అనే ఆటగాళ్ల మీద పెట్టి, నాలుగేళ్లకు మెస్సీకి కాంట్రాక్టు ఇవ్వలేని స్థితికి వచ్చారు. అప్పు 135 కోట్ల యూరోలని అధ్యక్షుడే చెప్పాడు. 2022లో లీగ్ టీవీ ఆదాయంలో పాతిక శాతాన్ని పాతికేళ్లకు అమ్ముకున్నారు. నారు పోయకముందే పాతికేళ్ల పంట తాకట్టు. ఓట్లు వేసేవాళ్లకు ఎప్పుడూ ఈ ఏటి కప్పే కావాలి, అధ్యక్షుడికి వాళ్ల ఓట్లు కావాలి. మున్సిపల్ ఎన్నికలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇన్ని దేశాలు తిరిగి మళ్లీ మన హైదరాబాద్ క్లబ్బు ఆడిన గచ్చిబౌలికే వస్తాను. 2022 మార్చిలో గోవాలోని ఫటోర్డాలో ఐఎస్‌ఎల్ ఫైనల్, షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన రాత్రి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పైకి వచ్చి "ఏమైంది సార్?" అని అడిగేంత అరిచాం. కోచ్ మనోలో మార్కెజ్ చేసింది అచ్చం బ్రైటన్ పనే. పేరులేని కుర్రాళ్లను తెచ్చి నిలబెట్టాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్‌లాంటివాళ్లు పెద్ద క్లబ్బులకు వెళ్లారు. వెళ్లనీ, అది గౌరవమే. మరుసటి సీజన్లో లీగ్‌లో రెండో స్థానం కూడా వచ్చింది. కానీ ఆ పైన 2023-24లో జీతాలు ఆగాయి, కొత్త ఆటగాళ్లను నమోదు చేయకుండా ఫిఫా నిషేధం వేసింది, ఉన్నవాళ్లు జనవరికల్లా సర్దుకున్నారు. సీజన్ మొత్తానికి ఒకే ఒక్క గెలుపు, ఆఖరి స్థానం. మిగిలిన కుర్రాళ్లు ప్రతి వారం చొక్కా తొడుక్కుని ఓడిపోవడానికి దిగేవాళ్లు. 2024లో కొత్త యజమానులు వచ్చారు, మరుసటి ఏడు క్లబ్బు వెళ్లిపోయింది. ఆ డిసెంబరులోనే మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వస్తే ఊరంతా కదిలింది. టికెట్లు కొనే జనం మన ఊళ్లో లేరని ఎవరైనా అంటే నేను నమ్మను.

మా నాన్న తరం దగ్గర ఇంకో లెక్క ఉండేది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. రహీమ్ సాబ్ కోచ్‌గా 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు. ఆటగాడికి ట్రాన్స్‌ఫర్ ఫీజు లేదు, ప్రభుత్వ జీతం, ఆపైన పింఛను. కప్పు పోయినా ఒకటో తారీఖు పోదు. ఆ రోజులు తిరిగి రావు, ఆ జీతానికి ఇప్పుడు ఎవరూ ఆడరు. అప్పుడు కూడా సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు కదా.

కాబట్టి నా వరస ఇది. బ్రైటన్ మొదటిది. చెల్సీ రెండు, ఎందుకంటే లెక్కల్లో ఎంత మాయ ఉన్నా యజమానులు బయటినుంచి డబ్బు తెచ్చి లోపల పెడుతున్నారు. యునైటెడ్ మూడు, లోపలి డబ్బు బయటికి పోయింది కాబట్టి. ఈ మాట రాస్తుంటే చెయ్యి వణికింది. బార్సిలోనా ఆఖరున.

తీర్పు విని మావాడు ఒకటే అడిగాడు: "నాన్నా, బ్రైటన్‌లో పేరు రాయించుకున్న ప్లేయర్‌ను వచ్చే ఏడు అమ్మేస్తే?"

"పేరు లేకుండా కొందాంరా."

మొన్న ఆదివారం కోఠి వెళ్లాం. ఫుట్‌పాత్ మీద తాడుకు వేలాడదీసిన జెర్సీల్లో యునైటెడ్, చెల్సీ, బార్సా, రియల్ అన్నీ ఉన్నాయి. బ్రైటన్ అడిగితే అతను బిర్యానీలో వంకాయ అడిగినట్టు చూశాడు. "నీలం, తెలుపు గీతలు ఉంటాయన్నా" అని చేత్తో గీసి చూపించాను. "అట్ల చెప్పు సార్!" అని మూటలోంచి ఒకటి లాగి దులిపాడు.

అర్జెంటీనా. వెనకాల పది నంబరు, మెస్సీ. మావాడు అప్పటికే తల దూర్చేశాడు.